కుక్కకు ప్యాంక్రియాటైటిస్: ఆసుపత్రి నుంచి తిండిగిన్నె దాకా ఏం చేయాలి

ఆదివారం మటన్ వండిన గిన్నెలో మిగిలిన నూనె, కొవ్వు ముక్కలు కలిపి కుక్కకు అన్నం పెట్టడం మన ఇళ్లలో మామూలే. చాలా కుక్కలు తిని హాయిగా పడుకుంటాయి. కొన్ని మాత్రం మర్నాటికి వాంతులు మొదలుపెట్టి, గిన్నె వంక కూడా చూడకుండా మూలన ముడుచుకుంటాయి. అరగలేదు, ఒక పూట పస్తుంచితే అదే సర్దుకుంటుంది అనుకుంటాం. కొన్నిసార్లు సర్దుకుంటుంది కూడా. కానీ అది ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు అయితే, అలా ఎదురుచూసిన పూటే ప్రాణం మీదకు తెస్తుంది.

ఈ జబ్బుకు ఆసుపత్రిలో ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత నెలలు, ఏళ్ల తరబడి వైద్యం జరిగేది మీ వంటింట్లో. చాలా ఇళ్లు తడబడేది కూడా అక్కడే. అందుకే ఇక్కడ మందుల కంటే తిండి గురించే ఎక్కువ చెబుతాను.

లోపల ఏం జరుగుతుంది

క్లోమం జీర్ణాశయం పక్కన, చిన్నపేగు మొదటి భాగాన్ని ఆనుకుని ఉంటుంది. ఇన్సులిన్ తయారుచేయడం దాని ఒక పని. కొవ్వును, మాంసకృత్తులను, పిండి పదార్థాలను అరిగించే ఎంజైములు తయారుచేయడం రెండో పని. ఈ ఎంజైములు క్లోమంలో ఉన్నంతసేపూ పనిచేయని రూపంలో ఉండి, పేగులోకి చేరాకే చురుగ్గా మారాలి. ఏదో కారణంతో అవి క్లోమంలోనే చురుగ్గా మారితే ఆ గ్రంథి తనను తానే అరిగించుకోవడం మొదలవుతుంది. వాపు, భరించలేని నొప్పి, చుట్టూ ఉన్న కొవ్వు దెబ్బతినడం అన్నీ దాని వెంటే వస్తాయి. తీవ్రమైతే ఆ మంట ఒంటి మొత్తానికీ పాకి కిడ్నీలను, ఊపిరితిత్తులను, రక్తం గడ్డకట్టే తీరును కూడా దెబ్బతీస్తుంది.

ఇది ఫలానా కుక్కకు ఎందుకొచ్చిందో చాలాసార్లు తేలదు. తెలిసినంతలో, ఒక్కసారిగా కొవ్వు తిండి తినడం, చెత్తబుట్ట తిరగేయడం, ఊబకాయం, థైరాయిడ్ తక్కువగా ఉండడం, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు), షుగర్ జబ్బు దీనికి దారి తీస్తాయి. ఫిట్స్‌కు వాడే పొటాషియం బ్రోమైడ్, ఫినోబార్బిటాల్ లాంటి మందులకూ దీనితో సంబంధం ఉంది. మినియేచర్ ష్నాజర్‌లకు పుట్టుకతోనే రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉండే లక్షణం ఉంది కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ. యార్క్‌షైర్ టెర్రియర్, కాకర్ స్పానియల్ జాతుల్లోనూ తరచుగా కనిపిస్తుంది. అలాగని ల్యాబ్రడార్‌కో, మీ వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్కకో రాదని కాదు. నాటు కుక్క రాళ్లు తిన్నా అరిగించుకుంటుందని నమ్మేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. వాళ్ల మాట ఈ విషయంలో వినకండి.

మొదటి పని: గుర్తుపట్టడం

ముఖ్యంగా చూడాల్సినవి వాంతులు, తిండి ముట్టకపోవడం, నీరసం, కడుపు నొప్పి. విరేచనాలు, జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కుక్క నొప్పిని చెప్పుకోదు కాబట్టి నడకలో, కూర్చునే తీరులో కనిపెట్టాలి. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తబోతే బిగుసుకుంటుంది, మూలుగుతుంది, ఎప్పుడూ లేనిది పళ్లు చూపిస్తుంది. వీపు వంచి నడుస్తుంది. ముందుకాళ్లు, ఛాతీ నేలకు ఆనించి, వెనకభాగం పైకెత్తి అలాగే ఉండిపోతుంది. నిద్ర లేచాక ఒళ్లు విరుచుకునేటప్పుడు కూడా కుక్కలు ఇలాగే వంగుతాయి. అయితే అది రెండు క్షణాల పని. మళ్లీ మళ్లీ అదే భంగిమలోకి వెళ్తూ, అందులోనే నిలబడిపోతుంటే అనుమానించండి.

దీర్ఘకాలిక రకం ఇంత హడావుడిగా రాదు. వారం పదిరోజులకోసారి ఒక పూట అన్నం మానేయడం, పసుపు నురగ కక్కడం, గడ్డి తినడం, మర్నాటికి మామూలైపోవడం జరుగుతుంటుంది. "మావాడికి మూడ్ లేదు" అని నవ్వుకుంటూ నెలలు గడిపేస్తారు. ఇలా పదేపదే జరుగుతుంటే తేదీలు రాసిపెట్టుకోండి. డాక్టరుకు ఆ కాగితం చాలా పనికొస్తుంది.

ఇవే లక్షణాలు వేరే జబ్బుల్లోనూ ఉంటాయని గుర్తుంచుకోవాలి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్లో పార్వో అనే వైరస్ జబ్బు, మన ప్రాంతంలో ఏడాది పొడవునా కనిపించే పిడుదుల జ్వరం, పేగులో ఇరుక్కున్న ఎముక, మామిడి టెంక లేదా గుడ్డపేలిక, కిడ్నీ జబ్బు, అన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. కాబట్టి ఇది చదివి ఇంట్లోనే జబ్బు పేరు ఖాయం చేసుకోవద్దు.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రయినా బయలుదేరాల్సిందే: కొద్ది గంటల్లో మళ్లీ మళ్లీ వాంతులు, తాగిన నీళ్లు కూడా కక్కేయడం, లేచి నిలబడలేకపోవడం, చిగుళ్లు పాలిపోవడం లేదా పసుపురంగుకు మారడం, వాంతిలో గానీ మలంలో గానీ రక్తం, పొట్ట ఉబ్బి గట్టిపడడం.

రెండో పని: బయలుదేరే ముందు చేతులు కట్టుకోవడం

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఏదో ఒకటి చేయాలని మనసు లాగుతుంది. ఆ పనుల్లో చాలావరకు హాని చేసేవే.

మనం వాడే నొప్పి మాత్రలు ఏవీ ఇవ్వకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకైతే కిడ్నీలను పాడుచేస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయొద్దు. కక్కించడానికి ఉప్పునీళ్లు తాగించవద్దు. సిరంజీతో మజ్జిగ, గ్లూకోజు నీళ్లు గొంతులో పోయొద్దు. నీరసంగా ఉన్న కుక్క మింగలేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తిండి తీసేయండి. నీళ్లు అడిగితే గిన్నె నిండా కాకుండా కొంచెం కొంచెంగా పెట్టండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: వాంతి, మలం ఫోటోలు. గత రెండు రోజుల్లో ఏం తిందో మొత్తం జాబితా. ఇప్పుడు వాడుతున్న మందులు, పిడుదుల మందుతో సహా. జాబితా రాసేటప్పుడు ఇంట్లో అందరినీ విడివిడిగా అడగండి. అందరూ కూర్చున్నప్పుడు అడిగితే ఎవరూ ఏమీ పెట్టలేదనే అంటారు.

మూడో పని: ఆసుపత్రిలో ఏం అడగాలి

డాక్టరు పొట్ట తడిమి చూసి, రక్తపరీక్షలు రాస్తారు. పాత పద్ధతిలో అమైలేజ్, లైపేజ్ అనే ఎంజైములు మాత్రమే చూసి నిర్ణయించేవారు. ఆ రెండూ కుక్కల్లో అంతగా నమ్మదగినవి కావు, కిడ్నీ జబ్బులోనూ పెరుగుతాయి. క్లోమం నుంచి వచ్చే లైపేజ్‌ను మాత్రమే కొలిచే సీపీఎల్ పరీక్ష మెరుగైనది. ల్యాబ్‌కు పంపి చేయించే స్పెక్ సీపీఎల్‌లో లీటరుకు 200 మైక్రోగ్రాముల లోపు ఉంటే మామూలు, 400 లేదా పైన ఉంటే ప్యాంక్రియాటైటిస్ అనుమానం బలపడుతుంది, మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి. క్లినిక్‌లోనే నిమిషాల్లో తేల్చే కిట్ కూడా ఉంది. అందులో జబ్బు లేదని వస్తే నిజంగా ఉండే అవకాశం తక్కువని అర్థం. ఉందని వస్తే మాత్రం అదొక్కటే రుజువు కాదు, అల్ట్రాసౌండ్ చూడాలి. పేగులో ఏదైనా ఇరుక్కుందేమో తెలియడానికి ఎక్స్‌రే తీస్తారు. ప్లేట్‌లెట్లు, పిడుదుల జ్వరం పరీక్ష కూడా చేయించమని మీరే అడగండి.

క్లోమం వాపును నేరుగా తగ్గించే మందు మన దగ్గర మామూలుగా దొరకదు. చికిత్స అంటే సెలైన్, వాంతులు ఆపడం, నొప్పి తగ్గించడం, తిండి పెట్టడం. వాంతులకు మారోపిటాంట్, ఒండాన్సెట్రాన్ వాడతారు. నొప్పి సంగతి ఎవరూ ఎత్తకపోతే మీరు ఎత్తండి: "డాక్టర్ గారూ, నొప్పికి ఏమిస్తున్నారు?" కదలకుండా పడుకున్న కుక్కను చూసి ప్రశాంతంగా ఉందనుకోవడం తేలిక. యాంటిబయాటిక్స్ ప్రతి కేసులోనూ అవసరం ఉండవు, ఎందుకంటే కుక్కల్లో ఇది చాలావరకు క్రిముల వల్ల వచ్చే వాపు కాదు.

మన ఊళ్లలో ఒక అలవాటుంది. పొద్దున తీసుకెళ్తే ఒక సెలైన్ సీసా ఎక్కించి, రెండు ఇంజెక్షన్లు చేసి, రేపు రండి అని పంపేస్తారు. తేలికపాటి కేసుకు ఇది సరిపోతుంది. లేవలేని కుక్కకు, నీళ్లు కూడా నిలవని కుక్కకు సరిపోదు. దానికి రాత్రంతా సెలైన్ నడవాలి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మీ క్లినిక్‌లో ఆ వసతి లేకపోతే, ఉన్నచోటికి రాసివ్వమని మొహమాటం లేకుండా అడగండి. పెద్ద నగరంలో అయితే ఇరవై నాలుగు గంటల ఆసుపత్రులు ఉన్నాయి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా బోధనాసుపత్రులున్నాయి, అయితే రాత్రిపూట చేర్చుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంకొకటి. క్లోమానికి విశ్రాంతి పేరుతో మూడు నాలుగు రోజులు పస్తుంచడం పాత పద్ధతి. వాంతులు అదుపులోకి రాగానే, వీలైతే ఒకటి రెండు రోజుల్లోపే, తక్కువ కొవ్వు తిండి మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. తిండి అందకపోతే పేగు లోపలి పొర దెబ్బతింటుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది. తనంతట తినని కుక్కకు ముక్కులోంచి సన్నని గొట్టం వేసి ద్రవాహారం ఇస్తారు. గొట్టం అనగానే భయపడి వద్దనకండి. బలవంతంగా నోట్లో కుక్కడం కంటే అది ఎంతో నయం. నోట్లో కుక్కితే ఆ తిండి వాసనంటేనే కుక్క పారిపోతుంది.

నాలుగో పని: ఇంటికొచ్చిన మొదటి వారం

ముందు మీ కుక్కకు పూర్తి విశ్రాంతిలో రోజుకు ఎన్ని కిలోక్యాలరీలు కావాలో లెక్కగట్టండి. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు. బరువును దానితో అదే మూడుసార్లు గుణించండి (10 కిలోలైతే 10 × 10 × 10 = 1000). వచ్చినదానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి (5.62). దాన్ని 70తో గుణించండి. అంటే 10 కిలోల కుక్కకు సుమారు 395. ఇదే లెక్కన 5 కిలోల దానికి సుమారు 235, 20 కిలోలకు 660, 30 కిలోలకు 900.

మొదటి రోజు ఇందులో పావువంతు మాత్రమే పెట్టండి. వాంతి లేకపోతే రెండోరోజు సగం, మూడోరోజు ముప్పావు, నాలుగోరోజు పూర్తిగా. ఆ మొత్తాన్ని నాలుగు నుంచి ఆరు చిన్న పూటలుగా పంచండి. ఎక్కడైనా వాంతి అయితే ముందు రోజు మోతాదుకు వెనక్కి వచ్చి డాక్టరుకు ఫోన్ చేయండి. బక్కచిక్కిందనే జాలితో రెండోరోజే గిన్నె నింపితే, మళ్లీ సెలైన్ దగ్గరికే వెళ్తారు. పూర్తిగా కోలుకుని మామూలుగా తిరుగుతున్నాక దానికి ఇంకా ఎక్కువ కావాలి. ఎంత అన్నది బరువు తూచుకుంటూ డాక్టరుతో కలిసి తేల్చుకోవాలి.

ఐదో పని: కొవ్వును లెక్కగట్టడం

వైద్యులు "లో ఫ్యాట్" అన్నప్పుడు వెయ్యి కిలోక్యాలరీల తిండిలో ఎన్ని గ్రాముల కొవ్వుందనేదే చూస్తారు. 30 గ్రాముల లోపు ఉండాలి. రక్తంలో కొవ్వు ఎక్కువున్న కుక్కకు, జబ్బు పదేపదే తిరగబెడుతున్న కుక్కకు 20 లోపు ఉంటే మంచిది.

ప్యాకెట్ మీద శాతం మాత్రమే ఉంటుంది, అదే మోసం చేసేది. కొవ్వు శాతాన్ని పదితో గుణిస్తే కిలోకు ఎన్ని గ్రాములో వస్తుంది. దాన్ని ఆ ప్యాకెట్ మీద కిలోకు ఎన్ని కిలోక్యాలరీలని రాశారో ఆ అంకెతో భాగించి, వెయ్యితో గుణించండి. 14 శాతం కొవ్వు, కిలోకు 3,700 కిలోక్యాలరీలు ఉన్న డ్రై ఫుడ్‌లో 38 దాకా వస్తుంది. మామూలు కుక్కకు ఫర్వాలేదు, మన రోగికి ఎక్కువ. 7 శాతం, 3,400 ఉన్నదానిలో సుమారు 20.6. ఇక 5 శాతమే కదా అని మురిపించే గ్రేవీ పౌచ్‌ను చూడండి. దానిలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి కిలోకు 1,000 కిలోక్యాలరీలే ఉన్నాయనుకుంటే 50 గ్రాములు తేలుతుంది. శాతం తక్కువ కనిపించిన పౌచ్‌లోనే అసలు కొవ్వు ఎక్కువ.

రాయల్ కెనిన్ గ్యాస్ట్రోఇంటెస్టైనల్ లో ఫ్యాట్, హిల్స్ ఐ/డి లో ఫ్యాట్ లాంటివి ఈ జబ్బు కోసమే తయారైనవి. ఖరీదు ఎక్కువే. స్తోమత ఉంటే, ముఖ్యంగా శాకాహారుల ఇళ్లలో, దీర్ఘకాలానికి ఇవే తేలిక దారి అని నా అభిప్రాయం. ఒకటే జాగ్రత్త: రాయల్ కెనిన్ కంపెనీయే "గ్యాస్ట్రోఇంటెస్టైనల్" అన్న పేరుతో లో ఫ్యాట్ కాని రకాన్ని కూడా అమ్ముతుంది, దానిలో కొవ్వు బాగా ఎక్కువ. షాపువాడు రెండూ ఒకటేనంటాడు. పేరు మొత్తం చదివి కొనండి.

ఆరో పని: ఇంట్లో వండడం

కోలుకునే రోజులకు మెత్తగా ఉడికిన తెల్లన్నం, తోలు తీసిన కోడి బ్రెస్ట్ మంచి జోడీ. చికెన్ షాపులో స్కిన్‌లెస్ అంటే చాలదు, బోన్‌లెస్ అంటే కూడా చాలదు. బోన్‌లెస్‌లో తొడమాంసం కలిపేస్తారు, దానిలో బ్రెస్ట్‌కు రెట్టింపు కంటే ఎక్కువ కొవ్వుంటుంది. బ్రెస్ట్ పీసే కావాలని చెప్పండి. కుక్కల కోసమని చవగ్గా కట్టిచ్చే తోళ్లు, మెడలు, కాళ్ల పొట్లం ఇకనుంచి వద్దు. కోడితోలులో దాదాపు మూడోవంతు కొవ్వే.

మాంసానికి అంటుకున్న పసుపుపచ్చ కొవ్వు పొరను గీరేసి, ఉప్పు, కారం, నూనె, అల్లంవెల్లుల్లి ఏవీ వేయకుండా నీళ్లలో ఉడికించండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి పులుసు రుచి కోసమైనా వేయకూడదు. ఉడికిన నీళ్లను పారబోయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్ని గంటలకు కొవ్వు పైన పొరగా పేరుకుంటుంది. దాన్ని చెంచాతో పూర్తిగా తీసేసి, కింది నీళ్లను అన్నంలో కలపండి. కుక్క ఆశపడేది ఆ వాసనకే. మాంసాన్ని చేత్తో సన్నగా చిదిమి అన్నంలో పిసికేయండి, ముక్కలు ఏరుకుని అన్నం వదిలేయకుండా. గోరువెచ్చగా పెట్టండి.

10 కిలోల కుక్కకు రోజు మొత్తానికి వండిన అన్నం 200 గ్రాములు, ఉడికిన బ్రెస్ట్ 80 గ్రాములు. సుమారు 390 కిలోక్యాలరీలు, కొవ్వు మూడున్నర గ్రాములు. అంటే వెయ్యికి 9. ఇప్పుడు ఇంట్లో పెద్దావిడ వచ్చి, ఉత్తి అన్నం ఎలా తింటుంది పాపం అని ఒక చెంచా నెయ్యి వేశారనుకోండి. ఒక్క చెంచాలో ఐదు గ్రాముల కొవ్వు. 9 కాస్తా 19 దాటుతుంది. రెండు చెంచాలకు 28. గిన్నె చూడడానికి మాత్రం ముందులాగే ఉంటుంది.

పెరుగన్నం గురించి అందరూ అడుగుతారు. మన ఇళ్లలో కడుపు బాగోకపోతే మొదట గుర్తొచ్చేది అదే మరి. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5, స్కిమ్డ్‌లో 0.5 శాతం లోపు కొవ్వు ఉంటుంది. గేదెపాలు ఇంటికి పోయించుకుంటే ఫుల్ క్రీమ్ కంటే ఎక్కువే ఉండొచ్చు. మొదటి వారం పెరుగు జోలికి వెళ్లకండి. తర్వాత డబుల్ టోన్డ్ లేదా స్కిమ్డ్ పాలతో తోడుపెట్టినది, మీగడ తీసి, ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టి చూడండి. పన్నీర్, మీగడ, వెన్న, కోవా ఎప్పటికీ వద్దు.

బ్రెస్ట్‌కు బదులు గుడ్డు తెల్లసొన వాడుకోవచ్చు, దానిలో కొవ్వు లేనట్టే. పచ్చసొనలో ఒక్కోదానికి ఐదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని మీరు తినేయండి. ముళ్లు శుభ్రంగా తీసిన, ఉడికించిన కొరమీను పనికొస్తుంది. గుమ్మడికాయ, సొరకాయ, క్యారెట్ మెత్తగా ఉడికించి కొద్దిగా కలపొచ్చు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. అన్నం, చికెన్ రెండు వారాలకు మించి లాగే తిండి కాదు. దానిలో కాల్షియం, జింక్, కొన్ని విటమిన్లు, ఒంటికి తప్పనిసరైన కొవ్వు ఆమ్లాలు చాలవు. జీవితాంతం ఇంటి తిండే పెట్టాలనుకుంటే, ఆహారం మీద ప్రత్యేకంగా చదువుకున్న పశువైద్యుల చేత మీ కుక్క బరువుకు తగిన కొలతలు, కలపాల్సిన ఖనిజాలు రాయించుకోండి. ఇంటర్నెట్‌లో దొరికిన వంటకం ఎంత బాగున్నా అది వేరొకరి కుక్క కోసం రాసినది.

ఏడో పని: ఇంటి చేతులన్నిటినీ కట్టేయడం

గిన్నెలో పెట్టేది ఎంత కొలిచినా, గిన్నె బయట పడే తిండి లెక్కలోకి రాదు. తాతగారి టీలో ముంచిన రస్కు, పిల్లాడి క్రీమ్ బిస్కెట్, పనమ్మాయి ప్రేమగా పడేసిన పూరీ ముక్క, కింది ఫ్లాట్ వాళ్ల బిర్యానీ ఎముక, ఇవన్నీ కలిస్తే రోజు తిండిలో సగం కొవ్వు అక్కడే ఉంటుంది. మందలింపు పనిచేయదు. నాకు తెలిసి పనిచేసేది ఒక్కటే: రోజూ ఇవ్వదగిన చిరుతిండిని ఒక డబ్బాలో వేసి అందరికీ అందుబాటులో ఉంచడం. దోసకాయ ముక్కలు (చేదు చూసి), క్యారెట్, ఉడికించిన బీన్స్, గింజలు తీసిన ఆపిల్, ఎండబెట్టిన చికెన్ బ్రెస్ట్ తునకలు. పెట్టాలనిపిస్తే అందులోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. పెట్టే వాళ్లకూ తృప్తి, కుక్కకూ హాయి.

మాత్రలు మింగించడానికి చీజ్, వెన్న, పల్లీ వెన్న వాడడం చాలామందికి అలవాటు. బదులుగా చికెన్ చిదిమిన అన్నం ముద్దలో దాచండి. పందిచెవులు, మూలుగ ఎముకలు, ప్యాకెట్ చూయింగ్ స్టిక్‌లు మానేయండి. నడకకు వెళ్లినప్పుడు నేల మీద దొరికినవన్నీ నమిలే రకమైతే, గాలి ఆడే బుట్టలాంటి మూతిజాలి అలవాటు చేయండి, ముఖ్యంగా ఫంక్షన్ హాళ్లు, ఫాస్ట్‌ఫుడ్ బళ్లు ఉన్న దారుల్లో. చెత్తబుట్టకు తొక్కితే తెరుచుకునే మూత కాకుండా బిగించే మూత ఉండాలి.

సంక్రాంతి, దసరా, బోనాలు, రంజాన్ రోజుల్లో చుట్టాలు వస్తారు, వాళ్లకు ఈ గొడవ తెలియదు. ఆ పూటలకు కుక్కను వేరే గదిలో దాని తిండితో ఉంచేయండి. మొరిగితే మొరగనివ్వండి.

ఎనిమిదో పని: బరువు, పరీక్షలు, డైరీ

ఊబకాయం ఉంటే తగ్గించాలి, కానీ జబ్బు పూర్తిగా సద్దుమణిగాకే, వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం మించకుండా. పక్కటెముకల మీద చెయ్యి ఆనిస్తే గట్టిగా నొక్కకుండానే తగలాలి, పై నుంచి చూస్తే నడుము కనిపించాలి. రెండు వారాలకోసారి మీరు కుక్కను ఎత్తుకుని తూచుకుని, మీ బరువు తీసేయండి. పెద్ద ల్యాబ్రడార్ అయితే క్లినిక్ తూకమే దిక్కు.

డాక్టరును అడిగి పన్నెండు గంటల పస్తు తర్వాత ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) చూపించండి. తిన్న తర్వాత తీసిన రక్తంలో ఆ అంకె ఎలాగూ పెరుగుతుంది, దానితో లాభం లేదు. తక్కువ కొవ్వు తిండి మీద ఉన్నా అది డెసిలీటరుకు 500 మిల్లీగ్రాములు దాటుతుంటే మందులు, థైరాయిడ్ పరీక్ష గురించి మాట్లాడాలి. జబ్బు తిరగబెట్టే కుక్కల్లో విటమిన్ బీ12 తగ్గడం కూడా కనిపిస్తుంది, అదీ చూడొచ్చు.

కొబ్బరినూనె అరగడం తేలిక కాబట్టి ఈ జబ్బుకు మంచిదని చెప్పేవాళ్లుంటారు. ఒక చెంచా కొబ్బరినూనె అంటే ఒక చెంచా కొవ్వే. చేపనూనె క్యాప్సూల్స్ డాక్టరు చెప్పిన మోతాదు మించొద్దు. క్లోమం ఎంజైముల పొడి, దాని పని నిజంగా ఆగిపోయిన కుక్కలకు ప్రాణదాత. మామూలు ప్యాంక్రియాటైటిస్‌కు అది ఉపయోగపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. డబ్బు దండగ.

డైరీలో పెద్దగా రాయనక్కర్లేదు. తిన్నదా, ఎంత, వాంతి అయిందా, మలం ఎలా ఉంది, బయట ఏమైనా తిందా. ఒక పూట తిండి మానేసి హుషారుగా ఉంటే తర్వాతి పూట సగం పెట్టి చూడండి. రెండు పూటలు వరసగా మానేసినా, మానేసి ముడుచుకుని పడుకున్నా డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఉంచుకోదగిన, వాంతులు ఆపే మాత్ర, దాని మోతాదు కోలుకున్న తర్వాతే ముందుగా రాయించుకుంటే, మళ్లీ వాంతులు మొదలైన రాత్రి మెడికల్ షాపువాడి సలహా మీద ఆధారపడక్కర్లేదు.

ఇంకో రెండు మార్పులు నెలలు, ఏళ్ల తర్వాత రావొచ్చు. క్లోమం పదేపదే దెబ్బతిని ఇన్సులిన్ చేసే కణాలు పోతే షుగర్ వస్తుంది: నీళ్లు విపరీతంగా తాగడం, రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం పోయడం, బాగా తింటూనే చిక్కిపోవడం. ఎంజైములు చేసే భాగం పోతే మలం కుప్పలుగా, లేత రంగులో, జిడ్డుగా వస్తుంది, తిండి కోసం ఆవురావురుమంటూనే ఎముకల గూడవుతుంది. దీన్ని టీఎల్ఐ అనే రక్తపరీక్షతో తేలుస్తారు, పస్తుతో ఇవ్వాలి. రెండింటికీ మందులున్నాయి. మొదటిదానికి రోజూ ఇన్సులిన్, రెండోదానికి ప్రతి పూటా తిండిలో ఎంజైముల పొడి.

ఊరెళ్తూ కుక్కను బోర్డింగ్‌లోనో, స్నేహితుల ఇంట్లోనో వదిలేటప్పుడు తిండిని పూటకో పొట్లంగా తూచి, పేరు రాసి ఇవ్వండి. పొట్లాల మీద డాక్టరు నంబరు, చిరుతిండి డబ్బా మీద "ఇవి తప్ప ఇంకేమీ పెట్టకండి" అని రాయండి. నెయ్యి అన్న మాట విడిగా, పెద్ద అక్షరాలతో రాస్తే ఇంకా మంచిది.